‘ఎలుకల కోసం’ అని రాసిందెవరు?

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్ళకి వినపడుతోందా? సరే, మైక్ కొంచెం దగ్గరికి లాక్కుంటా.

ఈ నెల మనం పెట్టుకున్న కథ అమెరికన్ రచయిత విలియం ఫాక్‌నర్‌ది, ‘ఎ రోజ్ ఫర్ ఎమిలీ’. చదివి రమ్మని చెప్పాం గానీ ఎంతమంది చదివారో చేతులెత్తండి అంటే బాగోదు కాబట్టి అడగను (నవ్వులు). చదవనివాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, చివర్లో ఏమవుతుందో దాచిపెట్టి ఈ కథ గురించి మాట్లాడటం నావల్ల కాదు, కావాలంటే ఒక అరగంట బయట కూర్చుని టీ తాగి రండి. ఎవరూ లేవట్లేదు, మంచిది.

1930 ఏప్రిల్‌లో ఫోరమ్ అనే మాగజైన్‌లో వచ్చింది. దేశమంతా చదివే పత్రికలో ఫాక్‌నర్ కథ పడటం అదే మొదటిసారి. ఊరు జెఫర్సన్, మిసిసిపి రాష్ట్రం. ఊరు కల్పితమే గానీ అదే మిసిసిపిలో ఆయన బతికిన ఆక్స్‌ఫర్డ్ ఊరిని చూసి రాసుకున్నదే. గ్రియర్సన్ వాళ్ళు ఒకప్పుడు బాగా బతికిన కుటుంబం, సివిల్ వార్ తర్వాత డబ్బు పోయింది, పరువు మాత్రం మిగిలింది. వాళ్ళ వీధి ఒకప్పుడు ఊళ్ళోకెల్లా పెద్దవాళ్ళ వీధి, ఇప్పుడు చుట్టూ గరాజులూ, పెట్రోల్ పంపులూ, పత్తి జిన్నింగ్ మిల్లులూ, గుంటూరు వైపు వాళ్ళకి నేను వర్ణించక్కర్లేదు, వాటి మధ్యలో ఈ పాత మేడ ఒక్కటే మిగిలిపోయింది. లోపల మిస్ ఎమిలీ, ఆమెకి వంటా తోటపనీ అన్నీ చేసిపెట్టే నల్లజాతి మనిషి టోబ్. ఇంకెవరూ లేరు.

ఆమె 74 ఏళ్ళకి చచ్చిపోతుంది, ఊరంతా వెళ్తుంది, మగవాళ్ళు గౌరవంతోనూ ఆడవాళ్ళు ఇంట్లో ఏముందో చూద్దామనీ. ఆమెని పాతిపెట్టాక మేడ మీద నలభై ఏళ్ళుగా ఎవరూ చూడని ఒక గది తలుపు పగలగొడతారు. లోపల గులాబీ రంగు కర్టెన్లు, గులాబీ రంగు దీపాలు, నల్లబడిపోయిన వెండి సామాను, పెళ్ళి రాత్రికి సిద్ధం చేసిన గది. మంచం మీద ఎప్పుడో మాయమైపోయిన ఆమె ప్రియుడు హోమర్ బారన్, అంటే ఆయనలో మిగిలింది. పక్కనున్న దిండు మీద తల ఆనించిన గుంట, ఆ గుంటలో పొడుగాటి నెరిసిన వెంట్రుక ఒకటి.

ఇంక అక్కణ్ణుంచి తొంభై ఏళ్ళకి పైగా అందరిదీ ఒకటే ప్రశ్న. ఎందుకు చంపింది?

నేను చాలా ఏళ్ళు ఎం.ఏ. పిల్లలకి ఈ కథ చెప్పాను. పేపర్లు దిద్దితే పదింట్లో ఎనిమిది ఒకటే రాసుంటాయి, అతను మోసం చేశాడు, ఈమె పగ తీర్చుకుంది అని. గైడ్లో అలా ఉండేది మరి. నేను మార్కులు వేసేదాన్ని, వెయ్యకపోతే వాళ్ళు పాసవ్వరు కదా. కానీ వేస్తున్నప్పుడల్లా ఎక్కడో గుచ్చుకునేది, ఎందుకంటే కథని పక్కన పెట్టుకుని తేదీలు కలుపుకుంటూ వస్తే ఆ జవాబు నిలబడదు.

ఎలాగో చెప్తా. హోమర్ బారన్ ఉత్తరాది మనిషి, వాళ్ళ భాషలో యాంకీ, ఊళ్ళో ఫుట్‌పాత్‌లు వెయ్యడానికి వచ్చిన కంపెనీకి మేస్త్రీ. ఎమిలీ తండ్రి పోయిన తర్వాతి ఎండాకాలంలో దిగుతాడు. పెద్ద గొంతు, జోకులేస్తాడు, ఎక్కడ నవ్వులు వినపడితే అక్కడుంటాడు. ఆదివారం మధ్యాహ్నాలు పసుపు చక్రాల గుర్రబ్బండిలో ఎమిలీని పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పుతాడు. గ్రియర్సన్ల పిల్ల రోజుకూలీ చేసేవాడితోనా అని ముసలివాళ్ళు, పాపం ఎమిలీ అని కిటికీల వెనకాల నుంచి ఆడవాళ్ళు. ఏడాది గడుస్తుంది. పెళ్ళి మాట లేదు. ఊళ్ళో ఆడవాళ్ళు చర్చి పాస్టర్‌ని ఆమె దగ్గరికి పంపిస్తారు, ఆయన వెళ్ళొచ్చి లోపల ఏం జరిగిందో నోరు విప్పడు, మళ్ళీ వెళ్ళనంటాడు. ఆయన భార్య అలబామాలో ఉన్న ఎమిలీ చుట్టాలకి ఉత్తరం రాస్తుంది. ఇద్దరు కజిన్ ఆడవాళ్ళు దిగబడతారు.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఆ కజిన్లు ఇంట్లో ఉండగానే ఎమిలీ మందుల షాపుకి వెళ్ళి ఆర్సెనిక్ కొంటుంది, మనం పాషాణం అంటామే అది. ఆ కజిన్లు ఉండగానే నగల షాపులో మగవాళ్ళ వెండి అలంకరణ సెట్టు చేయిస్తుంది, ప్రతి ముక్క మీదా హెచ్.బి. అని అక్షరాలు. రెండ్రోజుల తర్వాత మగవాళ్ళ బట్టలు మొత్తం, రాత్రి వేసుకునే చొక్కాతో సహా. అప్పుడు హోమర్ ఊరొదిలి వెళ్తాడు. వారానికి కజిన్లు వెళ్ళిపోతారు. మూడు రోజులు తిరక్కుండా హోమర్ వెనక్కొస్తాడు, చీకటి పడే వేళ టోబ్ వంటింటి తలుపు తీసి లోపలికి తీసుకెళ్ళడం పక్కింటివాళ్ళు చూస్తారు. మళ్ళీ అతన్ని ఎవరూ చూడలేదు.

అంటే ఏంటి? విషం కొన్నది అతను ఊరొదలక ముందు. వెళ్ళినవాడు తిరిగొచ్చాడు కూడా. వదిలేసి పోయాడు కాబట్టి చంపింది అని రాసినవాళ్ళు, తర్వాత జరిగిందాన్ని తీసుకొచ్చి ముందు జరిగినదానికి కారణంగా పెడుతున్నారు. ఫాక్‌నర్ కథని ముందువెనకలు కలిపేసి చెప్పడం వల్ల వచ్చిన చిక్కు ఇది, అది ఆయన కావాలని చేశాడు. ఇంట్లోంచి వాసన వచ్చిన సంగతి రెండో భాగంలోనే చెప్పేస్తాడు, ఆమె ప్రియుడు వదిలేసి పోయిన కొన్నాళ్ళకి వాసన వచ్చిందని. విషం కొన్న సంగతి మూడో భాగం చివర్లో. రెండిటికీ మధ్య మనం పేజీలు తిప్పుతూ ఉంటాం కాబట్టి కలపం. పైగా వదిలేసి పోయాడు అన్న మాట ఎవరిది? ఊరిది. కథ చెప్పేది ‘మేము’. ఐదు భాగాల్లోనూ మేము అనుకున్నాం, మాకు తెలిసింది, మేము అన్నాం. ఎమిలీ తలలోకి మనం ఒక్కసారి కూడా వెళ్ళం, ఆమె నోరు విప్పేదే రెండుమూడు చోట్ల.

అందులో ఒక చోటు మందుల షాపు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన సీన్, అందుకే కొంచెం నిలబడతా ఇక్కడ, ఓపిక పట్టండి.

విషం కావాలి అంటుంది. ఏ రకం, ఎలుకలకా, అయితే ఇది అంటాడు షాపతను. నీ దగ్గర అన్నిటికన్నా మంచిది ఇవ్వు, ఏ రకమైనా ఫరవాలేదు అంటుంది. ఏనుగునైనా చంపేవి ఉన్నాయి గానీ మీక్కావలసింది... అంటుండగానే ఆర్సెనిక్, అది మంచిదేనా అని అడుగుతుంది. వంకాయలు ముదిరాయా లేతగా ఉన్నాయా అన్నట్టు అడుగుతుంది (నవ్వులు). ఇస్తాను గానీ దేనికి వాడతారో చెప్పాలి, చట్టం అలా ఉంది అంటాడు. ఆమె ఏం మాట్లాడదు. తల కొంచెం వెనక్కి వంచి అతని కళ్ళలోకి అలా చూస్తూ ఉంటుంది, అతను కళ్ళు తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయి మళ్ళీ బయటికి రాడు. ప్యాకెట్ కుర్రాడు తెచ్చిస్తాడు. ఇంటికెళ్ళి విప్పితే పెట్టె మీద పుర్రె, ఎముకల బొమ్మ కింద రాసుంటుంది, ‘ఎలుకల కోసం’.

చూశారా? ఎందుకు అన్న ప్రశ్న మనం కొత్తగా అడుగుతున్నది కాదు, కథలోనే ఒకడు అడిగాడు, చట్టప్రకారం అడిగాడు, మొహం మీద అడిగాడు. ఆమె చెప్పలేదు. చెప్పకపోతే ఏం చెయ్యాలి, మందు ఇవ్వకూడదు. ఇచ్చాడు. ఇచ్చి ఆమె చెప్పని కారణాన్ని తనే రాసేశాడు. తన షాపు రికార్డు సరిపోయింది, తన మనసు కుదుటపడింది. నేను దిద్దిన పేపర్లన్నీ నాకు ఆ పెట్టెలాగే కనిపిస్తాయి. పగ అని ఒకరు, పిచ్చి అని ఒకరు, పరువు అని ఇంకొకరు, అందరం ఆమె తరఫున ఏదోటి రాసి మూత పెట్టేస్తున్నాం.

మర్నాడు ఊరేమంటుందో తెలుసా? ఆత్మహత్య చేసుకుంటుంది అంటారు. అని ఊరుకోరు, అదే మంచిది అంటారు. ఒక ఆడమనిషి విషం కొందని ఊరంతా తెలిసి, ఒక్కళ్ళు వెళ్ళి తలుపు తట్టలేదు, పోతే పరువు దక్కుతుందిలే అనుకున్నారు. మన వీధుల్లో మాత్రం తక్కువా అంటారేమో, నేను ఆ మాట అనను, మీరే అనుకోండి.

సరే, మిగతా జవాబులు కూడా చూద్దాం, గబగబా. పిచ్చి. వాళ్ళ వంశంలో వ్యాట్ అని ఒక ముసలావిడకి మతి చలించిందని కథలో ఉంది కాబట్టి ఇది పట్టుకుంటారు. కానీ తండ్రి చచ్చిపోయినప్పుడు ఊరు ఏమంటుందంటే, ఆమెకి పిచ్చి అని మేము అప్పుడు అనలేదు అంటుంది. ఆ ‘అప్పుడు’ చూడండి, తర్వాతెప్పుడో అన్నారన్నమాట. పిచ్చి అనడం చాలా సౌకర్యం, ఇంక మనం ఏం ఆలోచించక్కర్లేదు.

ఇంకోటి, ఈమధ్య ఎక్కువగా వినపడేది. హోమర్‌కి మగవాళ్ళంటే ఇష్టమని, ఎల్క్స్ క్లబ్‌లో కుర్రాళ్ళతో కలిసి తాగేవాడని, తను పెళ్ళి చేసుకునే రకం కాదని తనే అన్నాడని ఒక వాక్యం ఉంది. దాన్ని పట్టుకుని అతను గే, అది తెలిసి ఈమె చంపింది అంటారు. అలా చదవకూడదని నేననను, వాక్యం అందుకు సందిస్తోంది. కానీ అది కూడా ఊరి మాటే, తాగుడు కబురు. మగవాళ్ళ సావాసం ఇష్టం, పెళ్ళి బాదరబందీ ఒద్దు అనే బ్రహ్మచారుల గురించి మామూలుగా అనే మాట కూడా అవ్వచ్చు. ఒక్క వాక్యం మీద ఇంత ఇల్లు కట్టడానికి నాకు ధైర్యం చాలదు.

పరువు సంగతి కొంచెం బరువైంది. పెళ్ళి చేసుకుంటే కూలీవాడి పెళ్ళాం, చేసుకోకపోతే చెడిపోయిన పిల్ల. ముందు నుయ్యి వెనక గొయ్యి. చంపేస్తే మాత్రం రెండూ తప్పుతాయి, గ్రియర్సన్ పేరు గ్రియర్సన్‌గానే ఉండిపోతుంది, మగాడు మోసం చేసి పోయాడని ఊరు జాలిపడుతుంది. ఇందులో నిజం లేకపోలేదు. కానీ పరువు కోసం చంపినవాళ్ళు శవాన్ని వదిలించుకుంటారు, గులాబీ కర్టెన్లు కట్టి పక్కన పడుకోరు.

నాకేమనిపిస్తుందో ఇప్పుడు చెప్తా. ఇది కూడా పెట్టె మీద రాతే, తెలిసే రాస్తున్నా.

తండ్రి దగ్గరికి వెళ్ళండి. ఊరి కళ్ళలో ఆ ఇంటి ఫొటో ఒకటుంటుంది, వెనకాల తెల్లబట్టల్లో సన్నగా ఎమిలీ, ముందు కాళ్ళు ఎడంగా పెట్టి తండ్రి, వీపు ఆమె వైపు, చేతిలో గుర్రాల్ని కొట్టే కొరడా. వచ్చిన సంబంధాలన్నీ ఆయన తరిమేశాడు. ముప్పై వచ్చినా పెళ్ళి లేదు. ఆయన చచ్చిపోతే పరామర్శకి వచ్చినవాళ్ళని ఆమె గుమ్మంలో నిలబెట్టి, మా నాన్న చచ్చిపోలేదు అంటుంది. మొహంలో ఏడుపు లేదు, మామూలు బట్టలు. మూడు రోజులు అలాగే. పాస్టర్లు, డాక్టర్లు నచ్చజెబుతారు, ఇంక చట్టాన్ని పిలుస్తాం అనుకునేసరికి కూలబడిపోతుంది, వాళ్ళు గబగబా పాతిపెట్టేస్తారు. శవం ఇంట్లో ఉంటే పొయ్యి కూడా వెలిగించని మనకి ఆ మూడు రోజులు ఎలా ఉంటాయో ఊహించుకోండి. ఊరు అక్కడ ఒక మంచి మాటే అంటుంది, ఆ మాటకొస్తే కథ మొత్తంలో ఊరన్న ఒకే ఒక్క మంచి మాట, ఇంకేం మిగలనప్పుడు మనిషి తన దగ్గర అంతా దోచుకున్నదాన్నే పట్టుకుని వేలాడుతుంది అని.

ఆ మూడు రోజుల్లో ఆమె రెండు నేర్చుకుంది అనిపిస్తుంది నాకు. చచ్చిపోయినవాళ్ళు ఎక్కడికీ పోరు, ఇంట్లోనే ఉంటారు. బతికున్నవాళ్ళు వచ్చి తీసుకుపోతారు. రెండోసారి వచ్చేసరికి తీసుకుపోయేవాళ్ళకి అసలు శవం ఉన్నట్టే తెలియనివ్వలేదు. విషం, వెండి సెట్టు, రాత్రి చొక్కా, ఇవి ఒకే నెల సరుకుల చీటీలో ఉన్నాయి. మనకి అవి ఒకదానికొకటి పొసగని వస్తువులు. ఆమెకి కాదు. పెళ్ళి చేసుకునే రకం కాదన్న మనిషిని పెళ్ళికొడుకుగా ఉంచుకోడానికి అవన్నీ కావాలి, అంతే. కోపంతో చేసినట్టు నాకు కనపడదు. పోనివ్వకపోవడం అది. కొరడా పట్టుకుని గుమ్మంలో నిలబడి నాన్న ఆమెకి చేసింది కూడా అదే కదా.

ఇందుకు సాక్ష్యం ఆ వెంట్రుక. హోమర్ మాయమయ్యాక ఆరు నెలలు ఆమె బయటికి రాదు, వచ్చేసరికి లావైపోయి ఉంటుంది, జుట్టు నెరవడం మొదలవుతుంది. ఇంకొన్నేళ్ళకి గానీ అది పూర్తిగా ఆ ఇనుప రంగుకి రాదు. దిండు మీద దొరికింది ఆ రంగు వెంట్రుక. అంటే ఆమె అక్కడ పడుకున్నది చంపిన రాత్రి మాత్రమే కాదు, ఏళ్ళ తర్వాత కూడా పడుకుంది. కోపం అన్నేళ్ళు పక్కన పడుకోదండీ. తర్వాత వర్జీనియా యూనివర్సిటీలో పిల్లలు అడిగితే ఫాక్‌నర్ చెప్పాడు, ఈ కథ తనకి ఆ బొమ్మతోనే మొదలైంది, పాడుబడ్డ ఇంట్లో దిండు మీద ఒక వెంట్రుక. మనం చివర్లో చూసేది ఆయన మొదట చూశాడు.

ఊరి సంగతి వదిలెయ్యలేను. 1894లో మేయర్ కల్నల్ సార్టోరిస్ ఆమెకి పన్ను మాఫీ చేస్తాడు, మీ నాన్న ఊరికి అప్పిచ్చాడు అని ఒక కట్టుకథ అల్లి. ఎంత పెద్దమనసు అనుకుంటాం. నల్లజాతి ఆడవాళ్ళు ఏప్రన్ కట్టుకోకుండా వీధిలోకి రాకూడదని ఆర్డరు వేసింది కూడా ఆయనే, అదే వాక్యంలో చెప్తాడు ఫాక్‌నర్, ఊపిరి తీసుకోకుండా. తర్వాత వాసన వస్తే ముసలి జడ్జి స్టీవెన్స్, ఒక లేడీ మొహం మీద నీ దగ్గర వాసనొస్తోందని చెప్పమంటావా అని కసురుకుంటాడు. అర్ధరాత్రి దాటాక నలుగురు మగాళ్ళు దొంగల్లా ఆవరణలోకి దూరి గోడల వెంబడి సున్నం చల్లి వస్తారు. వాళ్ళు తిరిగెళ్తుంటే అంతదాకా చీకటిగా ఉన్న కిటికీలో దీపం, ఆ వెలుగులో విగ్రహంలా కదలకుండా కూర్చున్న ఎమిలీ. వారం రెండు వారాలకి వాసన పోయింది. విషం కొన్నది తెలుసు, మనిషి మాయమయ్యాడు, ఇంట్లోంచి వాసన. ఎవరికీ లెక్క కుదరలేదంటే నేను నమ్మను. చివర్లో ఆ గది గురించి చెప్పేటప్పుడు ఊరు వాడిన మాట, అలాంటి గది ఒకటి ఉందని మాకు అప్పటికే తెలుసు అని. అప్పటికే!

సరే, నేను ఆపుతా, ఎవరైనా అడగండి.

(సభలో ఒకరు: మేడమ్, మరి టోబ్‌కి తెలుసు కదా, ఎందుకు చెప్పలేదు?)

ఎవరికి చెప్తాడు సార్? ఆడవాళ్ళకి ఏప్రన్ రూలు పెట్టిన ఊరికా? నల్లజాతి మనిషి వెళ్ళి, ఒక తెల్ల దొరసాని తెల్లవాణ్ణి చంపింది అని చెప్తే ఆ రోజుల్లో మిసిసిపిలో ముందు ఎవరి మెడకి తాడు పడేదో మీకు తెలుసు. కథలో అతనికి ఒక్క డైలాగ్ లేదు, చూశారా? ఎవరితోనూ మాట్లాడడు, మాట్లాడక మాట్లాడక గొంతు తుప్పు పట్టినట్టుందని ఊరే అంటుంది. ఎమిలీ పోయిన రోజు ముందు తలుపు తీసి ఆడవాళ్ళని లోపలికి పంపి, ఇంట్లోంచి అలాగే నడిచి వెనక తలుపు గుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ కనపడలేదు. ఎమిలీ గురించి పుస్తకాలు రాశారు, అతని గురించి చాలా తక్కువ.

(ఒకామె: టైటిల్లో గులాబీ ఎందుకండీ? కథలో ఎవరూ ఇవ్వరు కదా.)

ఇవ్వరమ్మా. 1955లో ఫాక్‌నర్ జపాన్ వెళ్ళినప్పుడు ఇదే అడిగారు. ఆమె బతుకు ఇంక ఎవరూ బాగుచెయ్యలేని విషాదం, నాకు జాలేసింది, ఆడమనిషికి ఒక గులాబీ ఇచ్చినట్టు ఇది నా నమస్కారం అన్న అర్థంలో చెప్పాడు. హంతకురాలికి నమస్కారమా అని నాకు మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు రావట్లేదు, వయసేమో.

(అదే ఆమె: ఇంకొక్కటి. ఆమె ఎందుకు చంపిందో ఇంతసేపు మాట్లాడారు, అతను ఎందుకు తిరిగొచ్చాడో చెప్పలేదు.)

అబ్బ. నిజమేనమ్మా, ఇన్నేళ్ళ పాఠంలో నన్ను ఎవరూ అడగలేదు ఇది. పని అయిపోయింది, ఫుట్‌పాత్‌లు వేసేశారు, పెళ్ళి చేసుకునే రకం కాదు, కజిన్లు వెళ్ళాక మూడు రోజుల్లో వచ్చాడు, అదీ చీకట్లో, వంటింటి వైపు నుంచి. ప్రేమో, డబ్బు ఉందనుకున్నాడో, వెళ్ళొస్తానని చెప్పిపోదామనుకున్నాడో. నిజంగా పెళ్ళికే వచ్చాడేమో, చెప్పలేం. నాకు గుర్తున్నది ఒకటే, ఆ గదిలో కుర్చీకి సూట్ వేలాడుతూ ఉంటుంది, శుభ్రంగా మడతపెట్టి. కింద బూట్లు, మేజోళ్ళు. బల్ల మీద కాలరూ టై, ఇప్పుడే విప్పినట్టు. ఆ సూట్ మడత పెట్టింది అతనా, ఆమెనా, అది కథలో లేదు.